భిలాయి: ఉక్కు పట్నంలో పేకముక్కల లెక్క

విశాఖపట్నం నుంచి బయల్దేరిన రైలు రాయ్‌పూర్ దాటి దుర్గ్ చేరబోయే ముందు పొగగొట్టాలు కనిపిస్తాయి. అదే భిలాయి. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఈ ఊరికి పునాది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశంలోని రైలు పట్టాల్లో చాలావరకు ఇక్కడివే. చెట్ల నీడన రోడ్లు, అంకెలే పేర్లుగా సెక్టార్లు, సోవియట్ స్నేహానికి గుర్తుగా మైత్రీ బాగ్. ఉత్తరాంధ్ర నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలకు ఈ పట్నం ఇచ్చిన భరోసా ఒక్కటే: షిఫ్టు చేస్తే నెల తిరిగేసరికి జీతం.

2023లో ఈ ఊరి పేరు దేశమంతా మారుమోగింది మాత్రం ఉక్కు వల్ల కాదు, మహాదేవ్ ఆన్‌లైన్ బుక్ వల్ల. ఈ పందేల యాప్‌ను నడిపించిన సౌరభ్ చంద్రాకర్, రవి ఉప్పల్ భిలాయి వాసులేనని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) చెబుతోంది. క్రికెట్ పందేలతో పాటు తీన్ పత్తీ, డ్రాగన్ టైగర్ వంటి పేకాటలూ అందులో ఉండేవి.

డ్రాగన్ టైగర్ నేర్చుకోవడానికి నిమిషం చాలు. బ్లాక్‌జాక్‌లోలా 21 దాటకుండా లెక్క చూసుకునే పని లేదు, ఇంకో ముక్క అడగాలా వద్దా అన్న ఆలోచనా లేదు. డ్రాగన్‌కు ఒక ముక్క, టైగర్‌కు ఒక ముక్క. పెద్ద ముక్కదే గెలుపు. వంద కాసి గెలిస్తే వంద లాభం. రెండూ సమానమైతే ‘టై’. అప్పుడు డ్రాగన్, టైగర్‌ల మీద కాసినవాళ్లకు పందెంలో సగం పోతుంది. టై మీదే కాసినవాళ్లకు వందకు 800 లాభం. కేసినోల్లో సాధారణంగా ఉండే నియమాలివి.

మెలిక ఆ టైలోనే ఉంది. ఒకే పేక కట్టతో ఆడితే, మొదటి ముక్క పడ్డాక మిగిలిన 51లో దానికి సమానమైనవి మూడే. అంటే సగటున 17 ఆటలకు ఒక టై. డ్రాగన్ మీద వంద చొప్పున 17 సార్లు కాస్తే ఎనిమిది గెలుపులు, ఎనిమిది ఓటములు, ఒక టై. పోయేది 50 రూపాయలు. కాసిన 1,700లో మూడు శాతం లోపే కాబట్టి నొప్పి తెలియదు. అదే టై మీద కాస్తే 1,600 పోయి 800 వస్తాయి. ఆట నడిపేవాడు మోసం చేయనక్కర్లేదు, ఓపిక పడితే చాలు. ఫోన్‌లో వందల ఆటలు ఆడేవాడిని ఈ సగటు వదలదు.

తెలిసినవాళ్లకు ‘ప్యానెళ్లు’ అప్పగించి లాభాన్ని 70-30 నిష్పత్తిలో పంచుకున్నారని, వ్యవహారమంతా యూఏఈ నుంచి నడిచిందని, డబ్బు బినామీ ఖాతాల గుండా పారిందని ఈడీ ఆరోపణ. నేరం రుజువు కావాల్సింది కోర్టులోనే. అయితే ప్లాంటులో పర్మినెంటు ఉద్యోగాలు దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చిన ఊళ్లో ఇలాంటి పని కొలువులాగే కనిపిస్తుంది. ఇలాంటి దందాల్లో ఖాతా అద్దెకిచ్చిన కుర్రాడికి దక్కేది కొద్దిపాటి డబ్బు. పోలీసులు ముందుగా వచ్చేది మాత్రం అతని గుమ్మానికే.

ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. కేంద్రం 2023 నవంబర్‌లో మహాదేవ్ సహా 22 యాప్‌లు, వెబ్‌సైట్లను నిలిపివేసింది. 2025లో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. కానీ ఒక యాప్ మూతపడితే మరో పేరుతో ఇంకొకటి తెరుచుకోవడం కొత్త కాదు.

ఐఐటీలకు పిల్లల్ని పంపే ఊరిగా భిలాయికి పేరు. టై దగ్గర జారిపోయే ఆ 50 రూపాయల లెక్క కట్టడానికి హైస్కూలు గణితం చాలు. ఇక్కడ ఓడినవాళ్లకు లెక్క రాక కాదు, పందెం కాసే ముందు ఆ లెక్క వేసుకోకపోవడం వల్లే జేబులు ఖాళీ అయ్యాయి.