మంచులో నా ముద్ర

న్యూ హాంప్‌షైర్‌లోని నార్త్ కాన్వే. క్రాన్‌మోర్ కొండ మీద స్కీయింగ్ మొదలెట్టిన రెండో నిమిషంలోనే వెనక్కి కూలబడ్డా. దులుపుకొని వెళ్లబోతుంటే ఓ పెద్దాయన ఆపాడు. ‘నీ సిట్జ్‌మార్క్ పూడ్చి వెళ్లు!’

అదేంటంటే... జర్మన్‌లో ‘సిట్జ్’ అంటే కూర్చునే చోటు. వెనక్కి పడ్డప్పుడు మంచులో మనం చేసే గుంతే సిట్జ్‌మార్క్. 1939లో ఆస్ట్రియా నుంచి స్కీ గురువు హానెస్ ష్నైడర్ వచ్చి స్థిరపడిన ఊరిది. ఇప్పుడు యంత్రాలు మంచును చదును చేసేస్తుండటంతో ఆ మాట అరుదైపోయింది. కానీ గుంతలో వెనకొచ్చేవాళ్ల స్కీ ఇరుక్కుంటే కాలు విరగొచ్చు.

సిగ్గుపడుతూనే స్కీలతో తొక్కి పూడ్చా. కాసేపటికి ఓ చిన్నపాప అటుగా రివ్వున జారిపోయింది. అక్కడ నేను పడ్డ సంగతే తనకి తెలీదు!