కథ ఇంకా షురూ కాలేదా అక్కా?

మా గద్వాలలో నెలకొక శనివారం మధ్యాహ్నం మేం ఆరుగురం ఆడవాళ్ళం చీటీ కోసం కలుస్తాం. నిరుడు ఎవరో అన్నారు, "ఎంతసేపూ సీరియళ్ళ ముచ్చటేనా, ఏదన్నా పుస్తకం చదువుదాం" అని. అందరి చూపూ నా మీదే పడింది. నేను బీఏ తెలుగు కదా!

గొప్పకు పోయి పింగళి సూరన 'కళాపూర్ణోదయం' పేరు చెప్పాను. పదహారో శతాబ్దపు పద్యకావ్యం. శాపాలు, వరాలు, మారురూపాలు, వాటి మధ్య ప్రేమ. ఎనిమిది ఆశ్వాసాలు, నెలకొకటి అనుకున్నాం. నంద్యాల ప్రభువు కృష్ణరాజుకు అంకితమిచ్చాడని చెబితే, "తుంగభద్ర దాటితే కర్నూలు, ఆ అవతల నంద్యాల. మన పక్కూరి పుస్తకమే" అని సంబరపడింది ఎదురింటి వదిన.

నేను దాచిన మాట ఒకటుంది. డిగ్రీలో ఆ కావ్యం నేను చదవనే లేదు. గైడులోని కథాసంగ్రహం బట్టీపట్టి పాసయ్యాను.

మొదటి నెల బాగానే గడిచింది. ద్వారకలో కలభాషిణి చెలులతో ఉయ్యాలలూగుతుంటే, పైన విమానంలో రంభా నలకూబరులు. ఆమె మనసు నలకూబరుడి మీదికి పోతుంది. ఇక మర్నాడే పెళ్ళవుతుందన్నట్టు కూర్చున్నారు మావాళ్ళు. మూడో నెల వచ్చినా కథలోంచి కథ పుడుతూనే ఉంది. అసలు కళాపూర్ణుడి జాడే లేదు.

"కథ ఇంకా షురూ కాలేదా అక్కా?" అంది అందరికన్నా చిన్నది. "ఈ మణిస్తంభుడెవరు, సుముఖాసత్తి ఎవరు? నువ్వన్నా చెప్పు, ముందుకేమైతది?"

నాకు గుర్తుంటే కదా చెప్పడానికి! చెమటలు పట్టాయి. ఇక దాచలేక గైడు సంగతి చెప్పేశాను. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వదిన పకపకా నవ్వి, "అయితే నువ్వూ మా లెక్కనే! మంచిగైంది, కలిసే చదువుదాం" అంది. మగ్గం ఉన్న ఇంటి కోడలు ఒకామె ఉంది మాలో. ఆమె నెమ్మదిగా అంది, "మా చీర ఒళ్ళు నూలు, అంచు పట్టు. మగ్గం మీద ఉన్నప్పుడు చూస్తే ఏం తెలుస్తదమ్మా? మడత విప్పినంకనే చీర."

ఆ రోజు నుంచి నేను పాఠం చెప్పడం మానేశాను. తలా ఒక పద్యం చదవడం, అర్థం కాకపోతే ఆగడం. రంభ రూపంలో కలభాషిణి, నలకూబరుడి రూపంలో మణికంధరుడు తిరుగుతుంటే ఎవరు ఎవరో కాగితం మీద రాసుకున్నాం. ఒకనాడు పసిపాప మధురలాలస నోట పూర్వజన్మ కథంతా బయటపడింది. కలభాషిణే ఈ పాప, మణికంధరుడే కళాపూర్ణుడు. చివరికి పెళ్ళయ్యేది వీళ్ళిద్దరికే!

"ఓయమ్మా! ఇద్దరూ ఒక్కదగ్గరనే సంగీతం నేర్చుకున్నరు గదా!" అంది వదిన. "పక్కన కూసున్నోన్ని చూడకపాయె, ఆకాశంల విమానం చూసె!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను గానీ, ఆ మాట ఇంటిదాకా నాతోనే వచ్చింది.

పెళ్ళికి ముందు నాకొక కోరిక ఉండేది, పుస్తకాలు చదివే మనిషి దొరకాలని. మా ఆయన పేపరు తప్ప ఏదీ ముట్టరు. ఇరవై రెండేళ్ళుగా అది నా మనసులో చిన్న ముల్లు. మొదటి నెల కఠినమైన మాటలకు అర్థాలు తెలియక అవస్థ పడుతుంటే, అటక ఎక్కి నా కాలేజీ నాటి శబ్దరత్నాకరం దించి, దుమ్ము దులిపి టేబుల్ మీద పెట్టారు. అప్పుడు నేను సరిగ్గా చూడను కూడా లేదు. మూడు ఇళ్ళు మారాం. నేను మరిచిపోయిన ఆ నిఘంటువుకు పాలిథిన్ సంచి చుట్టి, ప్రతిసారీ మోసుకొచ్చింది ఎవరు మరి?

ఆ సాయంత్రం చాయ్ ఇస్తుంటే ఆయనే అడిగారు, "ఎంతదాకా వచ్చింది మీ కథ?"

"కూసోండి, చెప్త" అన్నాను. ఉయ్యాల దగ్గర మొదలుపెట్టాను. అన్నం వండేసరికి తొమ్మిదయింది.