వయసుకు తగ్గ రంగు

2022 ఆగస్టు నుంచి మా టీచర్లకు రోజూ పొద్దునే ఒక కొత్త పని పడింది. తొమ్మిదింటిలోపు బడి ఆవరణలో నిలబడి ఫోన్‌కు ముఖం చూపించాలి. ఫోన్ గుర్తుపడితే హాజరు పడుతుంది. సిగ్నల్ అందకపోతే వేపచెట్టు కిందికో, ప్రహరీ దగ్గరికో వెళ్ళి మళ్ళీ చూపించాలి. అంతకుముందు మేం అద్దంలో చూసుకునేది బొట్టు పెట్టుకునేంత సేపే. ఇప్పుడు ఎండలో, ఇంత దగ్గర నుంచి, రోజూ మా ముఖం మాకే కనిపిస్తోంది. పాపిట పక్కన తెల్లవెంట్రుకలు. కళ్ళ కింద నలుపు. పదిహేనేళ్ళ కిందట ఏ కొలత ఇచ్చామో ఇప్పటికీ అదే కొలతతో కుట్టిస్తున్న జాకెట్టు.

మేమంటే ముగ్గురం. అక్కచెల్లెళ్ళం ఇద్దరం, మా మామ కూతురు ఒకతె. వినుకొండ నుంచి బొల్లాపల్లి వైపు పోయే దారిలో ఒక లంబాడీ తండాలో పుట్టాం. అప్పుడు గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు. ముగ్గురం డి.ఎడ్. చదివి, ముగ్గురం చిన్నబడుల్లోనే పనిచేస్తున్నాం. ముగ్గురికీ నలభై దాటాయి. ఇది కూర్చుని ముగ్గురం చెప్పుకున్నది. ఒకరి పేరు పెడితే మిగతా ఇద్దరూ ఊరుకోరు కాబట్టి ‘మేము’ అనే రాస్తున్నాం.

మా పిల్లలు ఇంటరు, డిగ్రీ చదువుతున్నారు. మమ్మల్ని యాడీ అని పిలవరు, మమ్మీ అంటారు. వాళ్ళకు మా మీద ఒకటే ఫిర్యాదు. “మమ్మీ, నువ్వింకా 2005లోనే ఉన్నావు. కొంచెం మారు” అని. చీర మీద పిన్నులు ఇన్ని వద్దంటారు, బ్యాగు మార్చమంటారు, జుట్టుకు రంగు వేయమంటారు. మొదట కోపం వచ్చింది. తర్వాత ఫోన్‌లో ముఖం చూసుకున్నప్పుడల్లా పిల్లలు చెప్పిందాంట్లో కొంత నిజం లేకపోలేదని అనిపించింది.

సరే, మారదామని ఒక ఆదివారం చిలకలూరిపేట వెళ్ళాం. చీరల కొట్లో మెత్త మీద కూర్చోగానే కుర్రాడు మా ముఖాలు చూసి, ఎర్రవీ పచ్చవీ ఉన్న వరుస వదిలేసి, వెనక నుంచి ఒక కట్ట తీశాడు. బూడిద రంగు, బిస్కెట్ రంగు, వెలిసిన మట్టి రంగు. “మీ ఏజ్‌కి ఇవి డీసెంట్‌గా ఉంటాయి మేడమ్” అన్నాడు. తప్పుగా అనలేదు పాపం. మర్యాదగానే అన్నాడు. మేమూ మర్యాదగానే తలో రెండు కొనుక్కుని వచ్చేశాం. బస్సులో సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాక మాలో ఒకరం అన్నాం: “దాదీ ఏ రంగు కట్టేది?”

మా దాదీ పోయేనాటికి ఆమెకు ఎన్నేళ్ళో ఎవరికీ తెలియదు. పళ్ళన్నీ ఊడిపోయాయి. కట్టింది మాత్రం ఎర్ర ఫేటియానే.

ఈ పుస్తకం చదివే చిన్నవాళ్ళలో కొందరు ఫేటియాను స్టేజీ మీదే చూసి ఉంటారు. అందుకని కాస్త చెప్తాం. నడుముకు కట్టే ఘేరా ఫేటియా. దాని నడుంపట్టీ నిండా, కింది అంచు నిండా కుట్టుపని ఉంటుంది. పైన అద్దాలు కుట్టిన కాంచళి, దానికి వీపు మీద తాళ్ళే. తల మీద టుక్రి. ముక్కుకు భూరియా, మెడకు హాస్లి, చేతుల మీద పచ్చబొట్లు. పెళ్ళయితే చెంపల పక్కన ఘుగ్రి వేలాడేది, మోచేతి పైదాకా బలియా ఎక్కేవి. భర్త పోతే అవి దిగిపోయేవి. అంటే మనిషిని చూస్తే కన్నెపిల్లో, కాపురం చేస్తున్నదో, భర్త పోయినదో తెలిసేది. కానీ నలభై ఏళ్ళు అనే మెట్టు అందులో లేదు. ముప్ఫైలో ఏ ఎరుపో డెబ్బైలోనూ అదే ఎరుపు. ‘ఈ వయసులో ఇది బాగుంటుందా’ అని మా తండాలో ఏ ఆడదీ ఎవరినీ అడిగినట్టు మేం వినలేదు. ఆ ప్రశ్న మాకు చీరతోపాటు వచ్చింది.

అలాగని పాత రోజులన్నీ బంగారమని చెప్పబోవడం లేదు. భర్త పోయిన మనిషి ఒంటి మీంచి గాజులు ఎలా తీసేవారో చూసినవాళ్ళం. ఫేటియా బరువు మోసి నడుము పుండ్లు పడ్డ ఆడవాళ్ళనూ చూశాం. ఇంకో మాట. మా వాళ్ళు ఎప్పుడూ ఒకే వేషంలో ఉండిపోయారని ఎవరైనా అంటే నమ్మకండి. బలియా ఒకప్పుడు ఏనుగు దంతంతో చేసేవారు. తర్వాత ఎముకవి వచ్చాయి, ఆ తర్వాత ప్లాస్టిక్‌వి. ఫేటియాకు కుట్టిన బిళ్ళల్లో మా దాదీవి జార్జి రాజు బొమ్మవి, యాడివి పావలాలు. తాళ్ళ కాంచళికి మా చిన్నప్పుడే వీపు వచ్చేసింది, చేతులు పొడుగయ్యాయి. టెర్లిన్ గుడ్డ వస్తే టెర్లిన్ మీదే కుట్టారు. ఎవరూ చెప్పకుండానే వాళ్ళు కొత్తది తెచ్చుకున్నారు, తమకు కావలసినంత. మగవాళ్ళయితే తలపాగా, ధోవతి తీసి ప్యాంటు ఎప్పుడు వేశారో ఎవరికీ గుర్తు కూడా లేదు. దాని మీద ఎవరూ వ్యాసం రాయలేదు!

పొలం పని కూడా వేషం మార్చింది. మా వైపు పత్తి, మిరప. ఎండిన పత్తికాయ డిప్ప సూదిలా ఉంటుంది, కుట్టుపని దారాలు దానికి తగులుకుంటాయి. మిరప కోతలో కారం చర్మానికి పట్టి రాత్రంతా మంట. అందుకని ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పాత ఫుల్‌షర్టు తొడిగి, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. కోత రోజుల్లో ఈ జిల్లాల్లో ఏ రోడ్డు మీద చూసినా ట్రాలీ ఆటోల నిండా ఆ చొక్కాలే కనిపిస్తాయి. ఏ కులం, ఏ తండా తెలియదు. ఆ చొక్కా కింద ఫేటియా ఇమడదు. ఒక్కొక్కరే చీరలోకి వచ్చేశారు.

మా యాడి మాత్రం పొలం వల్ల మారలేదు. మా వల్ల మారింది.

1999లో మేం ట్రైనింగ్ కాలేజీలో చేరాం. చేరిన రెండో నెలలో యాడి మమ్మల్ని చూడటానికి వచ్చింది. జొన్నరొట్టెలు, రోటికారం మూట కట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. పిల్లలు చదివే చోటికి వెళ్తున్నానని తనకున్న వాటిలో మంచి ఫేటియా కట్టింది. నడిచి వస్తుంటే అద్దాల మెరుపు హాస్టల్ గోడ మీద పడింది. వరండాలో ఉన్న అమ్మాయిల్లో ఒకరు “డాన్స్ ప్రోగ్రాం ఉందా ఈరోజు?” అన్నారు. అందరూ నవ్వారు. మేం ఏం చేశామో చెప్పాలి. వాళ్ళతో ఒక్క మాట అనలేదు. గేటు దగ్గరికి పరుగెత్తి, యాడిని లోపలికి కూడా రానివ్వకుండా బస్టాండుకు తీసుకుపోయాం. మంచినీళ్ళయినా ఇవ్వలేదు. బస్సు ఎక్కించేటప్పుడు చెప్పాం: “ఇంకోసారి వస్తే చీర కట్టుకుని రా.”

సంక్రాంతికి ముందు మళ్ళీ వచ్చింది. నీలం చీర. ఊళ్ళో కిరాణా కొట్టామె దగ్గర అడిగి తెచ్చుకున్నది. కుచ్చిళ్ళు జారిపోతాయని దారి పొడుగునా పిడికిట్లో పట్టుకుని వచ్చినట్టుంది, చీర అక్కడ నలిగి ముద్దయింది. చేతులు బోసిగా ఉన్నాయి. గేటు బయటే ఆగి, “ఇప్పుడు సరిపోయిందా ఛోరీ?” అని అడిగింది.

బలియా తీయడానికి ఒక సాయంత్రమంతా పట్టిందట. సబ్బు రాసి లాగితే కొన్ని వచ్చాయి, రానివి కోశారు. మా బా బతికుండగా బలియా తీసిందని దాదీ నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. గాజుల కింద ఎండ తగలని చర్మం మోచేతి పైన తెల్లగా చారలు చారలుగా ఉండేది. ఆ చారలు పోవడానికి మా చదువు పూర్తయినంత కాలం పట్టింది.

తర్వాత పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే మనిషి తండాకు వచ్చినప్పుడు ఆ ఫేటియా ఇచ్చేసింది. ఒక బేసిను వచ్చింది. ఇవ్వబోయే ముందు పావలాలు మాత్రం విప్పి గుడ్డలో మూటగట్టి దాచుకుంది. 2011 జూన్ 30తో పావలా చెల్లుబాటు పోయింది. మూట అలాగే ఉంది. బేసిను మా ఇంట్లోనే ఉంది, పిండి కలుపుతాం అందులో.

ఇదంతా మేం ఎప్పుడూ ఒకరితో ఒకరం కూడా చెప్పుకోలేదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా బడుల్లో తల్లిదండ్రుల పెద్ద సమావేశం జరిగింది. ఆ రోజు మా బడికి పత్తి తీతకు వలస వచ్చిన కుటుంబంలోని ఒక తల్లి వచ్చింది. చీర మీద మగవాడి చొక్కా, తలకు తువ్వాలు, చొక్కా నిండా పత్తి పీచు. లోపల ముగ్గులు, బెలూన్లు, ఇస్త్రీ బట్టలు. ఆమె గేటు దగ్గరే నిలబడిపోయింది. కూతురు మూడో తరగతి. ఆ పిల్ల తల్లిని చూసి కూడా చూడనట్టు తల తిప్పుకుంది. ఆ తల తిప్పుకోవడం మాకు బాగా తెలుసు. గేటు దాకా వెళ్ళి, “రా అక్కా” అని చెయ్యి పట్టుకుని తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాం. పిల్ల కాసేపటికి మెల్లగా వచ్చి తల్లి చొక్కాకు అంటిన పీచు తీస్తూ కూర్చుంది. తోటి టీచర్లకు చిన్న మాట. ‘నీట్‌గా రండి’ అని పిల్లలతో కబురు పంపేముందు, ఆ మాట ఇంట్లో ఎవరికి తగులుతుందో ఒక్కసారి ఆలోచించండి.

ఆ రాత్రి ముగ్గురం ఫోన్‌లో చాలాసేపు మాట్లాడుకున్నాం. మొదటిసారి నీలం చీర సంగతి మాట్లాడుకున్నాం.

ఆ తర్వాత ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి. 1739లో పుట్టిన ఆ మహరాజ్ పేరు మీద ఇప్పుడు తండాతండాకూ పండగే. మా ఆడపిల్లలు ఆన్‌లైన్‌లో లంబాడీ డ్రెస్సులు తెప్పించుకున్నారు. నెట్ గుడ్డ, అంటించిన ప్లాస్టిక్ అద్దాలు, పక్కన జిప్పు. యాడి వేళ్ళతో తడిమి చూసి “బరువే లేదు” అంది. “అందుకే కదా నానీ, ఎంతసేపైనా ఆడొచ్చు!” అన్నారు పిల్లలు. ఆమె నవ్వి, టుక్రి తల మీద ఎక్కడ నిలవాలో సర్ది చూపించింది. మాకు నకిలీ అద్దాల మీద చిరాకు వచ్చింది కానీ యాడికి రాలేదు. అప్పుడు పిల్లలు అడిగారు: “మమ్మీ, మీ ఫేటియాలు ఏవి?”

మాకు అసలు లేవు. స్కూలు యూనిఫాం నుంచి లంగావోణీకి, అక్కణ్ణుంచి చీరకు వచ్చాం. మా తరం ఆడవాళ్ళం చాలామందిమి అంతే.

హంపీలో 2023 జులైలో జీ20 సమావేశాలప్పుడు 450 మందికి పైగా లంబాణీ ఆడవాళ్ళు చేసిన 1,755 కుట్టుపని వస్తువులు ప్రదర్శనకు పెడితే గిన్నిస్ రికార్డు వచ్చింది. దగ్గర్లోని సండూరు లంబాణీల కుట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మన యాడిలు బేసిన్లకు ఇచ్చేసిన పని అది.

ఇక మా మార్పు సంగతి. జుట్టుకు ఒకరం రంగు వేస్తున్నాం, ఒకరం గోరింటాకు పెడుతున్నాం, ఒకరికి రంగు పడక చెవుల వెనక దద్దుర్లు వచ్చి మానేశాం. వేసుకునేవాళ్ళు ముందు చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు ఆగి చూడండి, డబ్బా మీద రాసే ఉంటుంది, మేమే చదవలేదు. జాకెట్లకు కొత్త కొలతలిచ్చాం, ఊపిరి ఆడుతోంది. ఒకరం కుర్తాలోనే బడికి వెళ్తున్నాం. బూడిద రంగు చీరలు బీరువాలో అడుగున ఉన్నాయి. వాటిని పారేయలేదు, డబ్బు పెట్టి కొన్నవి కదా.

ఇంకొకటి, ఆదివారాలు కుడుతున్నాం. యాడికి సూదిలో దారం ఎక్కించే చూపు లేదు. మాకూ కళ్ళజోడు పెట్టుకుంటేగానీ కుట్టు కనిపించదు. గుడ్డ ఎరుపు, ఆమే ఎంచింది. కొంచెం ముదురు రంగు తీసుకుందామా అంటే, “ఎందుకు?” అంది. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు. కుట్టు మీద వేలు ఆనించి, వంకర ఎక్కడుందో చెప్పి విప్పిస్తుంది. పోయిన వారం రెండు వరుసలు విప్పించింది. నూలు గుడ్డ, అద్దాలు తక్కువ, కాంచళికి నిండు వీపు, ముందు హుక్కులు. ఇవన్నీ ఒప్పుకుంది. నడుముకు సాగే పట్టీ వేస్తామంటే మాత్రం మా నడుముల వైపు చూసి నవ్వి, తర్వాత ఒప్పుకుంది. పావలాల మూట విప్పి మూడు భాగాలు చేసింది. ఫోన్ పెట్టుకోవడానికి లోపల జేబు కుట్టమని ఆమే చెప్పింది.

వచ్చే ఫిబ్రవరికి ఒక్కటైనా పూర్తయ్యేలా ఉంది. అది కట్టుకుని ఒకరోజు బడికి వెళ్దామని అనుకుంటున్నాం. తల మీద టుక్రి ఉంటే హాజరు ఫోన్ మమ్మల్ని గుర్తుపడుతుందో లేదో చూడాలి.