గుండె చప్పుడు విని భయపడేవారికి

వేదిక మీద నిలబడి హృదయమును గూర్చి మేము ఎన్నో ప్రసంగాలు చేశాము. కాని ఎముకల గూటిలో కొట్టుకునే ఈ గుండెను గూర్చి సంఘస్థుల ఇండ్లలో కూర్చున్నప్పుడే కొంత నేర్చుకున్నాము. ఆరోగ్యముగా తిరిగేవారు కూడా అనేకులు దీని విషయమై లోలోపల భయపడుచున్నారు.

మా సంఘ పెద్దలలో ఒక ఉపాధ్యాయుడున్నారు. రాత్రి ప్రక్క మీద వాలగానే ఆయన గుండె ఒక దెబ్బ తప్పి, వెంటనే దబ్బున గట్టిగా కొట్టుకునేది. దేవుడు తనను పిలుచుచున్నాడని తలంచి, భార్యకు సైతం చెప్పకుండ పొలం కాగితాలు సర్దుకోసాగారు. మేము పట్టుబట్టి డాక్టరుగారి యొద్దకు తీసుకొని వెళ్ళాము. ఆయన ఈ.సి.జి., ఎకో తీసి, ఒక రోజంతా గుండె నడకను నమోదు చేసే హోల్టర్ అనే చిన్న యంత్రాన్ని తగిలించి పంపారు. మనిషి గుండె రోజుకు సుమారు 1 లక్ష సార్లు కొట్టుకుంటుంది. అందులో కొన్ని దెబ్బలు వేళకు ముందే పడతాయి. అటు తరువాత గుండె కాస్త ఆగుతుంది. ఆ విరామములో రక్తము ఎక్కువగా నిండుతుంది గనుక మరుసటి దెబ్బ బలముగా తగులుతుంది. మంచి గుండెలోనూ ఇది సర్వసాధారణమట. మా పెద్దగారికి రోజుకు ఆరు కప్పుల కాఫీ, నాలుగు గంటల నిద్ర! కాఫీ తగ్గించుట ఉపవాసము కంటె కష్టమని ఆయన నేటికీ అంటారు.

అయితే నాడి ఏ వరుసా లేకుండ అదే పనిగా తప్పుచుంటే అది వేరు సంగతి. గుండె పై గదులు సరిగా ముడుచుకొనక వణకుచుంటే రక్తము గడ్డకట్టి మెదడుకు చేరి పక్షవాతము రావచ్చును. శ్రమపడునప్పుడు స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి, ఆయాసము వచ్చినా, కుటుంబములో చిన్న వయసున హఠాత్తుగా మరణించినవారున్నా ఆలస్యము చేయకూడదు.

ఇక మర్మర్ మాట. 1816లో పారిస్ నగరములో లెనెక్ అనే వైద్యుడు కాగితము చుట్టి రోగి ఛాతీపై పెట్టి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. మర్మర్ అనేది వ్యాధి పేరు కాదు, ఆ గొట్టములో వినిపించే ఒక చప్పుడు. నెమ్మదిగా పారే కాలువ తూము దగ్గర గలగలమన్నట్లు, రక్తము వేగముగా పారినా, కవాటము ఇరుకైనా, కారుచున్నా ఆ చప్పుడు వస్తుంది. గర్భిణీ స్త్రీలలో, జ్వరములో, రక్తహీనతలో మంచి గుండె కూడా అలా పలుకుతుంది. ఏది మంచిదో, ఏది కాదో ఎకో తేలుస్తుంది. మన దేశములో ఇది మరీ అవసరము. చిన్ననాడు గొంతునొప్పి వెంట వచ్చిన కీళ్ళవాత జ్వరము కవాటాలను పాడుచేసి, ఏండ్ల తరువాత బయటపడుతుంది. అట్టివారు మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏండ్ల తరబడి తీసుకోవాలి. ప్రార్థన జరిగింది గనుక మానుకొమ్మని చెప్పే బోధకులున్నారు. మేము ఆ మాట చెప్పము, చెప్పనివ్వము.

మా సంఘములో ఒక యౌవనస్థురాలికి ఉద్యోగపు వైద్య పరీక్షలో మర్మర్ వినిపించింది. వారము తిరగకముందే అది "గుండెలో రంధ్రమట" అయింది. కుదిరిన సంబంధమువారు వెనుకకు తగ్గారు. తల్లి మూడు దినములు ఉపవాసముండెను గాని, రంధ్రము నిజమని తేలుతుందేమోనని ఎకోకు ఒప్పుకోలేదు. ఎట్టకేలకు తీయిస్తే కవాటాలు శుభ్రముగా ఉన్నాయి. హిమోగ్లోబిన్ మాత్రము 8. ఐరన్ మాత్రలు వాడి రక్తము పెరిగాక ఆ చప్పుడు మరల వినబడలేదు.

రిపోర్టు పట్టుకొని మేమే ఆ పెండ్లివారి ఇంటికి వెళ్ళాము. చదివి, మడిచి ఇచ్చి, "మీరన్నది నిజమే అయ్యగారూ, కాని మాట పుట్టింది గదా" అన్నారు. ఇప్పుడు మా యొద్దకు సంబంధాలు మాట్లాడ వచ్చినవారు అమ్మాయి గుండె సంగతి అడిగితే, అబ్బాయి ఎకో కూడా తెమ్మంటున్నాము.