ఓడ గట్టుకి కడుతుందా... నడి నీళ్ళలో ఆగుతుందా?

ఓడ మీద షికారు అనగానే మీకేం గుర్తొస్తుంది? తెల్లటి ఓడ, పై డెక్కు మీద హీరో హీరోయిన్లు, వెనక యాభై మంది డాన్సర్లు! నాకూ మొన్నటిదాకా అవే గుర్తొచ్చేవి. ఇప్పుడు మాత్రం మెట్లు గుర్తొస్తున్నాయి.

మా నాన్నగారు తెనాలిలో ఒక సినిమా హాల్లో ముప్ఫై అయిదేళ్ళు ప్రొజెక్టర్ ఆపరేటరు. రీళ్ళ డబ్బాలు మోసుకుంటూ కేబిన్ మెట్లు రోజుకి పదిసార్లు ఎక్కి దిగిన మనిషి. డెబ్భై దాటేసరికి ఆ మెట్లన్నీ కలిసి మోకాళ్ళ దగ్గర బాకీ వసూలు చేసుకున్నాయి. కర్ర సాయంతో పది అడుగులు వేస్తారు. ఆపైన చక్రాల కుర్చీయే.

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలు "నాన్నకి గ్రీసు దీవులు చూపించన్నయ్యా" అంటూ ఓడ టిక్కెట్లు పంపింది. బుక్ చేసిన ఏజెంటు "వీల్ చైర్‌కి అన్ని సౌకర్యాలూ ఉన్నాయండీ" అని భరోసా ఇచ్చాడు. అబద్ధం చెప్పలేదు పాపం. ఓడలో నిజంగానే ఉన్నాయి. లిఫ్టులున్నాయి, వెడల్పు గుమ్మాలున్నాయి. కానీ మనం వెళ్ళేది ఓడని చూడ్డానికా, ఊళ్ళు చూడ్డానికా? అక్కడే ఉంది తిరకాసంతా!

మెలీనా ఊరు

ఓడ ఎక్కేది పిరేయస్‌లో. అది ఏథెన్స్ నగరానికి రేవు. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకి మాత్రం అది మెలీనా మెర్కూరి ఊరు! 1960లో వచ్చిన 'నెవర్ ఆన్ సండే' కథంతా ఈ రేవులోనే నడుస్తుంది. ఆ సినిమాకి మెలీనా కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి పంచుకుంది. అందులో పాటకి ఆస్కార్ వచ్చింది. తర్వాత 1981లో ఆమె గ్రీసు సాంస్కృతిక శాఖ మంత్రి కూడా అయింది. మన ఎన్.టి.రామారావుగారు పార్టీ పెట్టింది 1982లో కదా! "అయితే రాజకీయాల్లో ఆవిడ సీనియరన్న మాట" అన్నారు నాన్నగారు.

ఓడ ఎక్కే ముందు రోజు ఆక్రోపోలిస్ కొండకి వెళ్ళాం. రెండున్నర వేల ఏళ్ళ నాటి గుడి, చుట్టూ రాళ్ళూ గుట్టలూ. కింద నుంచి చూసి దణ్ణం పెట్టుకోవడమే అనుకున్నాను. తీరా చూస్తే కొండ పక్కన లిఫ్టు! 2020 డిసెంబరులో కొత్తగా పెట్టారట. పైన చక్రాల కుర్చీ దొర్లడానికి కాంక్రీటు బాట కూడా వేశారు. పాత రాళ్ళ మీద కాంక్రీటేమిటని పండితులు గోల చేశారు గానీ, పార్థినాన్ స్తంభాల ముందు కుర్చీలో కూర్చుని తలెత్తి చూస్తున్న మా నాన్నని చూశాక నేను ఆ పండితుల పార్టీలో చేరలేకపోయాను. ఒక్క జాగ్రత్త: గాలి జోరుగా ఉన్న రోజు ఆ లిఫ్టు నడపరు.

హౌస్‌ఫుల్ బోర్డు!

మొదటి మజిలీ టర్కీలో కుశాదసి. ఓడ నేరుగా గట్టుకి కట్టింది. వాలు బల్ల మీదుగా కుర్చీ దొర్లించుకుంటూ దిగి, టాక్సీ మాట్లాడుకుని ఎఫెసస్ శిథిలాలకి వెళ్ళాం. ఒకప్పుడు అదీ రేవు పట్నమే. నది తెచ్చిన ఒండ్రు మేట వేసి సముద్రం మైళ్ళ దూరం జరిగిపోయింది. దారి పొడుగునా పాలరాతి పలకలు, వాలు, నున్నటి జారుడు. ఎగువ గేటులోంచి కాకుండా దిగువ గేటులోంచి వెళ్ళి, వీలైనంత మేరకే చూశాం. పాతిక వేల మంది పట్టే రంగస్థలం చూసి నాన్నగారు "ఒరేయ్, ఇక్కడ హౌస్‌ఫుల్ బోర్డు పెట్టాలంటే ఎన్నాళ్ళు పట్టేదంటావ్?" అన్నారు. ఆ రోజు అలా నవ్వుతూ గడిచింది.

అసలు పరీక్ష

మర్నాడు శాంటొరిని. పాటల్లో చూసిన తెల్లటి ఇళ్ళు, నీలం గుమ్మటాలు కొండ నెత్తిన కనిపిస్తున్నాయి. మూడున్నర వేల ఏళ్ళ కిందట అగ్నిపర్వతం బద్దలై ఏర్పడిన గొయ్యి అది. అందులోకే సముద్రం వచ్చి చేరింది. నీళ్ళు వందల మీటర్ల లోతు. పెద్ద ఓడలు గట్టుకి రాలేవు. నడి నీళ్ళలో ఆగుతాయి. జనాన్ని చిన్న పడవల్లో ఒడ్డుకి చేరవేస్తారు. ఒడ్డు నుంచి ఊరు రెండు వందల మీటర్ల పైన! దాదాపు 590 మెట్లెక్కాలి, లేదా కంచర గాడిద మీద పోవాలి, లేదా తీగల మీద నడిచే కేబుల్ కారెక్కాలి.

అంతదాకా వెళితే కదా! ఓడ పక్క తలుపు దగ్గర పడవ ఊగుతోంది. ఒకసారి జానెడు ఎడం, ఒకసారి మూరెడు. "ఈయన సొంతంగా అడుగు వేసి దాటగలరా?" అని అడిగాడు సిబ్బందిలో ఒకతను. నేను "ఇద్దరం పట్టుకుని..." అంటున్నాను. నాన్నగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"వద్దురా. బస్తాలా మోయించుకుని చూడాలా? నువ్వెళ్ళు. చూసొచ్చి చెప్పు."

వెళ్ళాను. కేబుల్ కారులో మూడే నిమిషాలు. పైన ఎంత అందమో ఏం చెప్పను! కానీ ఫోటో తీసిన ప్రతిసారీ కింద ఆగిన మా ఓడే కనిపించింది. గంటలో దిగి వచ్చేశాను.

నాన్నగారు డెక్కు మీద హుషారుగా ఉన్నారు. నా కెమేరా జూములోంచి దూరంగా ఇంకో రేవుని చూస్తున్నారు. దాని పేరు అథీనియోస్. పిరేయస్ నుంచి వచ్చే మామూలు ఫెర్రీలు అక్కడ గట్టుకే ఆనుకుంటాయి. వెనక తలుపు కిందికి వాలుతుంది, లారీలూ కార్లూ బిలబిలా దిగి వంకర్ల రోడ్డు పట్టుకుని ఊళ్ళోకి పోతాయి.

"చూడరా! లారీ దిగిన చోట నా కుర్చీ దిగదా?"

నిజమే కదా! మామూలు జనం తిరిగే ఫెర్రీలో అయిదు నుంచి ఎనిమిది గంటలు కూర్చుంటే చాలు, దొర్లుకుంటూ శాంటొరినిలో దిగొచ్చు. అంత ఖరీదైన ఓడ చేయలేని పని లారీల ఓడ చేస్తోంది!

అడగాల్సిన ప్రశ్నలు

కాబట్టి పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ఓడలో స్విమ్మింగ్ పూల్ ఎన్ని అని అడక్కండి. ఒక్కో రేవు పేరూ చెప్పి అడగండి. ఓడ గట్టుకి కడుతుందా, పడవలోకి దిగాలా? పడవైతే కుర్చీని ఎక్కిస్తారా? బ్యాటరీ బండి బరువు కాబట్టి చాలా చోట్ల ఒప్పుకోరు. రేవు దాటాక దారి చదునా, మెట్లా? జవాబు కాగితం మీద రాయించుకోండి.

మన పాపికొండల లాంచీ ఎక్కేటప్పుడూ ఇదే ప్రశ్న. గట్టు దిగి, చెక్క బల్ల మీద నడవలేని అమ్మమ్మ ఎక్కడ కూర్చోవాలి? విశాఖలో 2023లో క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అక్కడ ఓడ గట్టుకే కడుతుంది. మంచిదే. ఆ ఓడ తర్వాత ఏ రేవుకి పోతుందో, అక్కడ ఎలా దింపుతుందో కూడా అడగండి.

ఇంటికొచ్చాక చెల్లెలు ఫోన్ చేసింది. "శాంటొరిని ఎలా ఉంది నాన్నా?"

"ఇంటర్వెల్ దాకా చూశానమ్మా" అన్నారు నాన్నగారు. "మిగతా సగానికి ఆ లారీల ఓడ టిక్కెట్టు తియ్యి!"