మిర్చి వెళ్తుంది.. కల్లు వెళ్లదు!

వరంగల్ నుంచి నర్సంపేట నలభై కిలోమీటర్ల లోపే. సంక్రాంతి దాటాక గిర్నిబావి మీదుగా వెళ్తే, దారి పక్క కల్లాల్లో ఎర్రటి తివాచీలు పరిచినట్టు మిర్చి ఎండుతూ కనిపిస్తుంది. బస్సు కిటికీలోంచి ఘాటు లోపలికొచ్చి రెండు తుమ్ములు తుమ్మించి మరీ స్వాగతం చెబుతుంది.

చదువుకో, కొలువుకో హైదరాబాద్, బెంగళూరు చేరిన పిల్లలకు ఇంటి నుంచి ఏదో ఒకటి పంపాలని ఇక్కడి అమ్మలకు ఉంటుంది. సకినాలు, తొక్కు, కారం.. అన్నీ కట్టి పోస్టాఫీసుకు వెళ్తే కౌంటర్ దగ్గర ఒకటే ప్రశ్న - ‘లోపల ఏముంది?’

ఆ ప్రశ్న వయసు నూరేళ్లు పైమాటే. 1898 నాటి తపాలా చట్టంలో పందొమ్మిదో సెక్షన్ ఏవేవి పంపకూడదో చెప్పింది. పేలేవి, ప్రమాదకరమైనవి, కుళ్లు కంపు కొట్టేవి, హాని చేసేవి, పదును కప్పని ఆయుధాలు, తోటి ఉత్తరాలకో పోస్టు సిబ్బందికో కీడు చేసే ప్రాణులు. 2024 జూన్ 18న దాని స్థానంలో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. అయినా టపాకాయలు, పెట్రోలు, పురుగుల మందు పార్శిల్ కట్టి పంపుదామంటే ఇప్పుడూ కుదరదు. విమానంలో వెళ్లే సంచి అయితే అగ్గిపెట్టెకూ చోటుండదు.

మిర్చికి అడ్డు లేదు. మన చపాటా మిర్చి అయితే ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. గుండ్రంగా, బొద్దుగా ఉంటుందని ‘టమాట మిర్చి’ అంటారు. ‘వరంగల్ చపాటా’కు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు చేసినవాళ్లలో నర్సంపేట పక్కనే ఉన్న దుగ్గొండి మండలం తిమ్మంపేట రైతుల కంపెనీ ఒకటి. కాయలు పంపడం తేలికే. కారప్పొడితోనే జాగ్రత్త! సంచి చినిగితే పక్కనున్న పెళ్లిపత్రికలన్నీ ఎర్రబడతాయి, సార్టింగ్ చేసేవాళ్ల కళ్లు మండుతాయి. రెండు పొరల కవరు మన ఖర్చే, తప్పదు.

ఇక కల్లు. చెట్టు దిగిన దగ్గర్నుంచీ అది పులుస్తూనే ఉంటుంది. మూత బిగిస్తే లోపల గ్యాసు చేరి సీసానే పగలగొడుతుంది. కాబట్టి కల్లు పోస్టులో పోదు. పాత చట్టం మాట ప్రకారం కల్లు గీసే కత్తి మాత్రం పదును కనపడకుండా ఒరలో పెట్టి గట్టిగా కడితే పోయేది! పొద్దున్నే తాటివనానికి వెళ్లి తాగాల్సిన దాన్ని పార్శిల్ కట్టాలనుకోవడమే నా లెక్కన తప్పు.

పురుగుల సంగతి మాత్రం నవ్వులాట కాదు. 2021-22లో నల్ల తామర పురుగు ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల మిరప తోటల మీద పడింది. పూతలో చేరి రసం పీలిస్తే పూలు రాలిపోయాయి, కాయ నిలవలేదు. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టిన రైతులు కొందరు తోటలు దున్నేసుకున్నారు. ఆగ్నేయాసియాకు చెందిన ఈ పురుగును మన దేశంలో తొలిసారి 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. ఏడేళ్లు తిరక్కుండానే మన చేలకు చేరింది. బతికున్న పురుగును సంచిలో ఎక్కించుకోవడానికి తపాలావాళ్లు ఎందుకు భయపడతారో నర్సంపేట రైతుకు వేరే చెప్పక్కర్లేదు.

అంతర్జాతీయ టపాకు మాత్రం చిత్రమైన మినహాయింపులున్నాయి. 1874లో పుట్టిన ప్రపంచ తపాలా సంఘం నియమాల్లో తేనెటీగలు, జలగలు, పట్టుపురుగులు ప్రయాణం చేయొచ్చు. పంటను తినే పురుగుకు చోటు లేదు గానీ, దాన్ని తినే పురుగును గుర్తింపున్న సంస్థలు ఒకదానికొకటి పంపుకోవచ్చు!

బంగారం సంగతేమిటి? నగలు, నోట్లు మామూలు కవర్లో పెట్టి పంపకూడదు, బీమా చేయించాలన్నది ఎప్పటినుంచో ఉన్న నిబంధన. రాఖీ అందగానే చెల్లెలికి కవర్లో అయిదొందల నోటు పెట్టి పంపే అన్నలు ఇది గమనించాలి. అయితే ఈ దారిలో ఇంకో బంగారం ఉంది. సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు తూచి ఇచ్చే బెల్లం! దానికి బీమా అక్కర్లేదు, తడవకపోతే చాలు. 2022 జాతరకు రాలేనివాళ్ల బంగారాన్ని మేడారం చేర్చి, ప్రసాదం తెచ్చిచ్చే ఏర్పాటును ఆర్టీసీ కార్గో చేసింది. అయినా రెండేళ్లకోసారి జాతర వచ్చిందంటే నర్సంపేట మీదుగా మల్లంపల్లి వైపు బండి వెనక బండి సాగుతూనే ఉంటుంది. బెల్లం ముద్దలు ఒళ్లో పెట్టుకుని, ఎవరి బంగారం వాళ్లే మోసుకుపోతుంటారు.