ఓటరుని తన్నే వీరుడు

2014 ఏప్రిల్ 30న హైదరాబాదులో గంటసేపు వరసలో నిలబడి, ఓటెయ్యకుండా తిరిగొచ్చాను. పుట్టింటి చిరునామాతో వున్న పేరు తీసేశారు. అత్తగారింటి చిరునామాతో నేనిచ్చిన ఫారం 6 ఏమైందో తెలీదు. "పెళ్ళయింది కదమ్మా, అక్కడ కొట్టేసుంటారు" అన్నాడు బల్ల దగ్గర కూర్చున్నాయన. మా ఆయన వేలిమీద సిరాతో బయటికొచ్చాడు. ఆయన పేరు ఎక్కడిదక్కడే వుంది మరి.

రెండు వారాలకి, తోటి పరిశోధకుల మధ్య కూర్చుని "ఓట్‌మాన్" చూశాను. మే 25న జరిగే ఐరోపా పార్లమెంటు ఎన్నికలకి కుర్రకారుని కదిలించాలని డెన్మార్క్ పార్లమెంటే తీయించిన తొంభై సెకన్ల కార్టూను. కండలవీరుడు నగ్న స్త్రీల మధ్య పక్కమీద వుండగా మొదలవుతుంది. లేచి వెళ్ళి, ఓటెయ్యనివాళ్ళని చితక్కొట్టి పోలింగు కేంద్రంలోకి విసిరేస్తాడు. ఒకడి తల తెగిపడుతుంది. ఒకప్పుడు తనూ ఓటెయ్యటం మర్చిపోయి, రొట్టెల్లో దాల్చినచెక్క ఎంతుండాలన్న విషయంలో కూడా మాట చెల్లకుండా పోయిందట! విమర్శలు ముంచెత్తాక పార్లమెంటు దాన్ని వెనక్కి తీసుకుంది. 2009లో సుమారు 59.5గా వున్న పోలింగు శాతం ఆ ఏడు 56.3కి తగ్గింది.

నేను నవ్వాను. అందరికంటే గట్టిగానే నవ్వాను. ఇప్పటికీ నన్ను ఇబ్బంది పెట్టేది అదే.

ఆ రాత్రి మాత్రం, ఇందులో నేనెక్కడున్నానని వెతుక్కున్నాను. స్త్రీలు వీరుడి పక్కమీద వున్నారు. ఓటెయ్యనివాడు బద్ధకస్తుడు. వరసలో నిలబడి వెనక్కొచ్చిన మనిషి ఆ కథలోనే లేదు. 1915లో ఓటుహక్కు సాధించుకున్న డేనిష్ స్త్రీల శతాబ్ది ఏడాది దూరంలో వుండగా, వాళ్ళ పార్లమెంటుకి తట్టిన ఊహ ఇది. 2010లో కాటలోనియా సోషలిస్టు యువజనులు, బాలెట్ పెట్టెలో కాగితం వేస్తూ రతిసుఖంతో మూలిగే యువతిని చూపించారు. 2012లో ఒబామా కోసం లీనా డనమ్ చేసిన "మొదటిసారి" ప్రకటనని కూడా మా స్నేహితురాళ్ళు ఈ గాటనే కడతారు. నేను కట్టను. అక్కడ మాట్లాడేది ఆమె. కెమెరా ఆమె వంటిమీద పాకదు.

మనదేశంలో 1951-52 మొదటి ఎన్నికల జాబితాలో దాదాపు 28 లక్షలమంది స్త్రీలకి చోటు దక్కలేదు. ఫలానావారి భార్యననో, కూతురిననో తప్ప సొంత పేరు చెప్పలేదని. అలా నమోదు చెయ్యటానికి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు. సరైన పనే అనుకుంటాను. కానీ ఓటు పోయింది ఆ ఆడవాళ్ళకే కదా!

2018 డిసెంబరు 7న చివరికి ఓటేశాను. జాబితాలో నా పేరు కింద భర్త పేరుంది. ఫారంలో నేను రాసింది నాన్న పేరు.